రెండే గళ్ళు

తహసీలు ఆఫీసులో ఇచ్చిన సంచిలో
ఒక మ్యాపు, మెడలో వేసుకునే బిళ్ళ, ఫారాల కట్ట,
చెరిపితే చెరిగే పెన్సిలు.
గుణుపురంలో నా వంతు నూట ముప్పై ఆరు గడపలు.
కోమటి వీధి చివర మొదలై
వంశధార ఇసుకలో ఆగిపోతాయి.

నేను ఒడియా బడిలో లెక్కలు చెబుతాను,
తెలుగులో విసుక్కుంటాను.

మొదటి ఇల్లు పొట్నూరు కామరాజు గారిది.
మిద్దె మీద మిద్దె, ఆ పైన ఇంకో మిద్దె కోసం
ఆకాశంలోకి పొడుచుకొచ్చిన చువ్వలు.
ఎంతమంది అంటే ముగ్గురం అన్నాడు,
కింద గదులన్నీ కాలేజీ కుర్రాళ్ళకి అద్దెకిచ్చుకుని.
వాళ్ళలో ఒకడిది సివాన్, ఒకడిది నరసన్నపేట.
ఒకే గిన్నెలోంచి మ్యాగీ తింటూ
మమ్మల్ని ఇక్కడ రాయకండి మేడమ్,
ఇంటి దగ్గర రాసేశారు, అన్నారు ఒకే హిందీలో.

ఊరు పెరిగిపోయిందని టీకొట్టు దగ్గర అందరూ అంటారు.
పెరిగినవాళ్ళెవరూ నా కాగితంలోకి రారు.

తర్వాత వరసగా ఏడు తాళాలు.
పక్కింటామె చీపురు ఆపకుండానే చెప్పింది:
ఇటుకబట్టీకి. పెద్దపల్లి వైపు.
అడ్వాన్సు తీసుకున్న రాత్రే లారీ ఎక్కేశారు,
వానలకొస్తారు.
తాళానికి ఫారంలో ఒక గుర్తుంది.
తాళానికి పెట్టిన కుంకుమ బొట్టుకి లేదు.

పోయిన వేసవిలో వచ్చినప్పుడు
సంపాదన అడగొద్దన్నారు, సొత్తు అడగమన్నారు.
టీవీ ఉందా, బండి ఉందా, ఫోనుందా.
బొడ్డేపల్లి నరసమ్మ ఇంట్లో ఫ్రిజ్జుంది.
కరెంటు కోసేసినప్పటి నుంచీ
అందులో చీరలు మడతపెట్టుకుంది,
ఎలకలు దూరవట.
ఉంది అని రాశాను.
ఆ రాత్రి అన్నం సయించలేదు గానీ
అబద్ధం కాదు కదా.

ఇప్పుడు భాష అడగాలి.

లూణ్‌కరణ్ సేటు మార్వాడీ అని రాయించాడు.
బాకీ మాత్రం ఎప్పుడూ తెలుగులోనే అడుగుతాడు,
ఆ యాస నాకు బాగా తెలుసు.
నా తోటి టీచరు బిసోయి ఒడియా అన్నాడు,
వాళ్ళావిడ వంటగదిలోంచి తెలుగంది.
అట్లకాడ చప్పుడైంది.
ఇద్దరి మధ్యా రెండేళ్ళ పాప
టీవీలో హిందీ ఏనుగుతో నవ్వుతోంది.

చిట్టచివరి గడప సొంబారి సబరది.
ముందు అడ్డాకుల కట్టలు, వెనక ఏరు.
మీ ఇంట్లో ఏం మాటాడతారే అంటే
కోడలితో కుయి, అంది.
రాసేశాను.
నీ భాషేదని మళ్ళీ అడగాల్సొచ్చింది.

ఏ పూట? అంది.

సంతలో కూర్చుంటే తెలుగు.
చింతపండు తూచేటప్పుడు ఒడియా,
లేకపోతే కాటా దగ్గర మోసపోతాం.
మనవడి ఫోన్లో కంపెనీ పిల్ల హిందీ,
హా హా అంటే చాలు.
చచ్చిపోయిన మొగుడితో సవర.
ఇంకా మాటాడతాడా?
నేనే మాటాడతాను. వాడు వింటాడు.
బతికుండగా ఎప్పుడైనా విన్నాడా!

మాతృభాషకి ఒక గడి,
ఇతర భాషలకి రెండే.
ఐదింటిని మూడింట్లో ఎలా సర్దేది?
మా బళ్ళో తీసివేత లెక్క
పిల్లలకి నేను ఇలా నేర్పలేదు.
ఆమెకే చెప్పాను సంగతి.

కాసేపు అడ్డాకులు కుట్టింది,
పుల్ల విరిచి మళ్ళీ కుట్టింది.
ఆ ఫోను పిల్లది తీసేయి, మన మనిషి కాదు.
ఇంకోటంటావా,
కోడలు ఇప్పుడు పెద్దపల్లిలో ఉంది కదా,
కుయి తీసేయి.
వానలకొచ్చాక మళ్ళీ రాద్దువుగాని.

వానలప్పుడు ఎవరూ రాయరని చెప్పలేదు.

చెరిపాను.
రబ్బరు పొట్టు ఊదేశాను.
గట్టిగా నొక్కి రాయడం నాకు బల్ల మీద నుంచే అలవాటు.
కాగితాన్ని ఏటి వైపు ఏటవాలుగా పట్టుకుంటే
రెండక్షరాల గుంట
ఇంకా చదవొచ్చు.